లెక్క అప్పగించే చదువు

క్రైస్తవ కాలేజీలో పర్యావరణ చదువుకు దరఖాస్తుతో పాటు, సృష్టిని కాపాడటం గురించి మీ విశ్వాసం ఏమంటుందో ఒక పేజీ రాసివ్వమన్నారు. తెలిసిన బైబిల్ వచనాలన్నీ గుప్పించాను, సీటు వచ్చింది. అసలు గొడవంతా ఆ వచనాల దగ్గరే ఉందని క్లాసులు మొదలయ్యాక గానీ తెలియలేదు.

నైతికశాస్త్రం పేపర్లో మొట్టమొదట చదివించింది చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం. ప్రకృతి ఉన్నది మనిషి కోసమేనన్న పాశ్చాత్య క్రైస్తవ భావనలోనే పర్యావరణ సంక్షోభానికి వేళ్లున్నాయని ఆయన వాదన. క్రైస్తవ కాలేజీలో తొలి పాఠం ఇదా అని కొందరు భగ్గుమన్నారు. నాకు మాత్రం అదే నచ్చింది. ఇంటి గుట్టు ముందే బయటపెట్టుకుంటే తర్వాత మాట్లాడుకోవడం తేలిక. పైగా అదే వ్యాసం చివర్లో ఆయన మధ్యయుగపు క్రైస్తవ సన్యాసి అసిసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తల పాలక పునీతుడిగా ప్రతిపాదించాడు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ సరిగ్గా ఆ ప్రకటనే చేశారు.

అక్కణ్ణుంచి బైబిల్లో ఎప్పుడూ పట్టించుకోని పేజీలు తిరగేయించారు. పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్ల మీద గొడ్డలి వేయొద్దంటుంది ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం. ఏడో ఏట నేలకు విశ్రాంతి ఇవ్వమంటుంది లేవీయకాండం 25. ఇన్నేళ్లలో వీటి మీద ఒక్క ప్రసంగమూ వినలేదు, ఎందుకో మరి!

నన్ను నిజంగా మార్చింది ల్యాబ్. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలవాలి. సీసాలో ఒక్క గాలి బుడగ కూడా చేరకుండా చెరువు నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు ద్రావణం పోస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. తెల్లగానే ఉండిపోయిందంటే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. ఆమ్లం పోస్తే మడ్డి కరిగి పసుపు రంగు తేలుతుంది. కొలత గీతలున్న గాజు గొట్టం, బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ వదులుతూ, రంగు పలచబడ్డాక స్టార్చ్ వేస్తే నీలమవుతుంది. ఇక ఒక్కో చుక్కే. ఆ నీలం విరిగే చుక్క దగ్గర చెయ్యి ఆపడం ఒక విద్య. ఎంత థయోసల్ఫేట్ పట్టిందో దాన్నిబట్టే ఆక్సిజన్ లెక్క. అది లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలకు ఇబ్బంది మొదలవుతుంది. చెరువు బాగుందనో పాడైందనో చెప్పే ముందు ఈ పని చేసి తీరాలి. భక్తి ఎంత ఉన్నా బ్యూరెట్ రీడింగ్ మారదు.

నేల పరీక్షలు, మొక్కల గణన కూడా చేశాం. వాటిలో కష్టమేమీ లేదు, ఎండ తప్ప.

ప్రాజెక్టుకు హాస్టల్ మెస్‌లో పారబోసే తిండిని తూకం వేస్తానన్నాను. గాలి తగలని చెత్తగుట్టలో కుళ్లితే దాన్నుంచి మీథేన్ వాయువు వస్తుంది. నూరేళ్ల లెక్కన వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. కాటా పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి మెస్ మేనేజర్ అడిగారు: “ఏం బాబూ, ఇది చదువా, మా మీద నిఘానా?” పళ్లేల్లో మిగిలింది, గిన్నెల్లో మిగిలింది వేరువేరుగా రాస్తున్నానని చూపించాక మెత్తబడ్డారు. గిన్నెల్లో మిగలడానికి కారణం మేం భోజనానికి రావట్లేదని ముందు చెప్పకపోవడమేనని తేలింది. ఆ తర్వాత ఆయనే రోజూ కాటా తీసి సిద్ధంగా పెట్టేవారు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగారు: “ఇదంతా ఏ సైన్స్ కాలేజీలోనైనా చేయొచ్చుగా?” చేయొచ్చు సార్ అన్నాను. లూకా 16లో యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి లెక్క అప్పగించమంటాడు, నేను ఆ లెక్క రాయడం నేర్చుకోవడానికి ఇక్కడికొచ్చాను అన్నాను. ఆయన తలూపి, “సరే, మరి సెలవు రోజుల తూకాలు సగటులో ఎందుకు కలపలేదు?” అన్నారు. మిగతా వైవా అంతా స్టాటిస్టిక్స్ మీదే నడిచింది.