జర్మనీలో ఫ్యాట్: పైడిభీమవరం నుంచి వెళ్లేవాళ్లకి నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా రణస్థలం, పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకి ఫ్యాట్ అంటే ఏటో చెప్పక్కర్లేదు. కొత్త మెషిను తయారీదారు షెడ్డు దాటకముందే ప్రొడక్షన్, ఇంజినీరింగ్, క్యూఏ (నాణ్యత విభాగం) నుంచి తలొకరు వెళ్లి, అడిగినట్టే కట్టారా లేదా అని నడిపించి చూసి సంతకం పెట్టే పరీక్ష. ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్. ట్యాబ్లెట్ ప్రెస్ (మాత్రలు కొట్టే మెషిను) కోసం జర్మనీ వెళ్లే టీమ్ ప్రోటోకాల్‌ని, అంటే చేయాల్సిన పరీక్షల పత్రాన్ని, పేజీ పేజీ చదువుకుని వెళ్తుంది. అయినా అయిదు రోజుల్లో అవ్వాల్సిన పని అవ్వకుండా వెనక్కొచ్చే టీములున్నాయి. నేను చూసినంతలో దానికి కారణం మెషిను కాదు. వాళ్ల టైము లెక్క, వాళ్ల "అవును", "కాదు" మనకి అర్థం కాకపోవడం, మనవి వాళ్లకి అర్థం కాకపోవడం.

వీసా గురించి రెండు మాటలు. షెంగెన్ బిజినెస్ వీసాకి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, ఏదైనా అడిగితే 45 రోజుల దాకా సాగొచ్చు. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. 59 నెలల లోపు షెంగెన్ వీసాకి వేలిముద్రలు ఇచ్చి ఉంటే మామూలుగా మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఎక్కువగా దెబ్బతినేది ఆహ్వాన పత్రంలోని మాట దగ్గర. "ఇన్‌స్టలేషన్ వర్క్" అని రాయించుకుంటే పని చేయడానికి వెళ్తున్నట్టు చదువుతారు. కొన్న మెషిను పరీక్ష చూసి ఆమోదించడానికి వస్తున్నారని, తేదీలతో, ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించండి.

బ్యాగు సర్దేటప్పుడు మన జిల్లా వాళ్లకి ఒక బాధ తప్పదు. మందస కోవా తీసుకెళ్లకూడదు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకురావడం నిషేధం. నెయ్యి సీసా, నేతి సున్నుండలు కూడా దాని కిందకే వస్తాయి. తాజా కరివేపాకుకి ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవన్న పత్రం) కావాలి, కాబట్టి అదీ వద్దు. పలాస జీడిపప్పు వేయించి సీల్ చేసిన ప్యాకెట్‌లో పెడితే ఇబ్బంది ఉండదు. కానుకగా కూడా అదే మంచిది. జీడిపప్పు కాకపోతే పొందూరు ఖాదీ రుమాలు. ఖరీదైనదేదీ ఇవ్వకండి. అక్కడి కంపెనీల్లో ఉద్యోగి తీసుకునే కానుకకి విలువ హద్దు ఉంటుంది, మనం మర్యాదనుకుని ఇచ్చింది ఆయన మేనేజర్‌కి వివరణ రాసుకోవాల్సిన వస్తువు అవుతుంది. ఆవకాయ చెక్‌-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతి సంచిలో 100 మిల్లీలీటర్ల నియమం దానికీ వర్తిస్తుంది. ఎండు కొబ్బరి ఏ బ్యాగులోనూ వద్దు. అది తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

శనివారం మధ్యాహ్నానికి చేరేలా టికెట్ తీయండి. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో మాత్రం కొన్ని కొట్లు తీస్తారు. ఆదివారం దిగిన శాకాహారికి మొదటి రోజే పస్తు. గదిలో పోపు పెడదామనుకోవద్దు. పొగ సెన్సారు మోగి ఫైర్ ఇంజిన్ వస్తే ఆ ఖర్చు మన మీద పడొచ్చు. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సన్నటి రెండు పిన్నుల ఛార్జరు పట్టేస్తుంది, లావు మూడు పిన్నులది పట్టదు.

ఇక అసలు సంగతి, పని గంటలు. మన దగ్గర ట్రయల్ ఆగితే రాత్రి పదకొండైనా ఫిట్టర్లు, ఆపరేటర్లు అందరూ ఉండి పూర్తి చేస్తారు. అదే లెక్కతో ప్లాన్ వేసుకెళ్లి అక్కడ సాయంత్రం నాలుగున్నరకి లైట్లు ఆర్పుతుంటే మనవాళ్లకి అవమానంలా అనిపిస్తుంది. అది అవమానం కాదు, చట్టం. అక్కడి పని గంటల చట్టం ప్రకారం మామూలు రోజు 8 గంటలు, ఎంత పొడిగించినా 10. ఒక రోజు పని ముగిశాక మర్నాడు మొదలెట్టే లోపు 11 గంటల విశ్రాంతి ఉండాలి. 6 గంటలు దాటితే 30 నిమిషాలు, 9 గంటలు దాటితే 45 నిమిషాలు విరామం. ఆదివారం పని సాధారణంగా నిషేధం. శుక్రవారం మధ్యాహ్నానికే చాలామంది వెళ్లిపోతారు. "ఇంకో గంటే కదా" అని బతిమాలితే ఆ టెక్నీషియన్‌ని నియమం తప్పమని అడిగినట్టే.

అందుకే అయిదు రోజుల ఫ్యాట్‌ని నాలుగున్నర రోజులుగా లెక్క కట్టండి. సోమవారం పొద్దున సేఫ్టీ పాఠం, డ్రాయింగులు, విడిభాగాల సర్టిఫికెట్లు. ఎమర్జెన్సీ స్టాప్, గార్డు తలుపుల ఇంటర్‌లాక్ (తలుపు తీస్తే మెషిను ఆగే ఏర్పాటు), అలారాలు, పాస్‌వర్డ్ స్థాయిలు, ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు), కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిను ఎలా లేస్తుందో చూసే పరీక్ష, ఇవన్నీ మంగళవారం రాత్రికి కాదు, సాయంత్రానికి అయిపోవాలి. ప్లాసిబోతో, అంటే మందు లేని పొడితో, నడిపే పరీక్ష బుధవారం పెట్టండి. అది తప్పితే మళ్లీ చెయ్యడానికి గురువారం ఉంటుంది. శుక్రవారానికి కాగితాలు తప్ప ఏమీ మిగల్చకండి.

ప్లాసిబో పొడి దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. గంటకి 2 లక్షల మాత్రలు కొట్టే ప్రెస్‌లో 500 మిల్లీగ్రాముల మాత్ర నడిపితే గంటకి 100 కిలోలు తినేస్తుంది. మనం 50 కిలోలు పంపి రెండు గంటల పరుగు అడుగుతాం. అరగంటకి హాపర్ (పొడి పోసే గరాటు) ఖాళీ. అక్కడ అప్పటికప్పుడు కలిపి ఇచ్చేవాళ్లుండరు. సెటింగుకి, చెడ్డ మాత్రల్ని మెషిను పక్కకి తోస్తుందో లేదో చూసే తిరస్కరణ పరీక్షకి పోయేది కూడా కలుపుకుని, కావాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు, ఎంఎస్‌డీఎస్ (ఆ పొడి భద్రతా వివరాల పత్రం) జతచేసి నెల ముందు పంపండి. మాత్రకి ఆకారమిచ్చే మన పంచ్‌లు, డైలు తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చుకునేట్టయితే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం తీసుకోండి. మన దేశంలో దాన్ని వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. అది లేకుండా సంచిలో స్టీలు ముక్కలు పెట్టుకెళ్తే కస్టమ్స్ దగ్గర ఒక రోజు పోతుంది.

టైమంటే ఇంకో చిక్కు. "హాల్బ్ నొయ్న్" అంటే మాటకి మాట సగం తొమ్మిది, అర్థం మాత్రం ఎనిమిదిన్నర. తొమ్మిదిన్నర అనుకుని వెళ్లినవాళ్లున్నారు. ఎనిమిదిన్నర మీటింగుకి ఎనిమిది ఇరవై అయిదుకి కుర్చీలో ఉండాలి. ఆలస్యమవుతుందనిపిస్తే అయిదు నిమిషాలకైనా ఫోన్ చేయండి. డెలివరీ తేదీని "కావే 38" అంటారు, అంటే ఏడాదిలో 38వ వారం. వారం సోమవారంతో మొదలు, ఏడాదిలో మొదటి గురువారం ఉన్న వారమే ఒకటో నంబరు. మన పర్చేజ్ వాళ్లకి పంపేటప్పుడు పక్కన తేదీ రాయండి. మనకీ వాళ్లకీ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో మారుతుంది.

అంకెలు క్యూఏ వాళ్లు ప్రత్యేకంగా చూడాలి. వాళ్లకి దశాంశం కామా, వేలకి చుక్క. 2,500 కిలోలంటే మనకి రెండు వేల అయిదు వందలు, వాళ్లకి రెండున్నర. 2.500 అంటే తిరగబడుతుంది. మన 2,00,000 చూస్తే అసలు ఎటూ తేల్చుకోలేరు. మెషిను తెరమీద, బ్యాచ్ రిపోర్టు ప్రింటులో దశాంశానికి చుక్క వస్తోందో కామా వస్తోందో అక్కడే సరిచూసి పంచ్ లిస్టులో, అంటే సరిచేయాల్సిన లోపాల జాబితాలో, రాయించండి. చేతిరాతలో వాళ్ల ఒకటికి పైన పొడుగు గీత ఉంటుంది, మన కంటికి ఏడులా కనిపిస్తుంది. వాళ్ల ఏడుకి నడుమ అడ్డగీత ఉంటుంది. రా డేటా (కొలిచినప్పుడే రాసుకునే అంకెలు) పేజీలో ఆ పొరపాటు పడితే ఇక్కడికొచ్చాక డీవియేషన్, అంటే తప్పు ఎందుకొచ్చిందన్న రిపోర్టు, రాసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మన తల ఊపడం. అడ్డంగా ఊపితే మన దగ్గర సరే, అక్కడ కాదు. మనం "సరే సార్" అంటే విన్నామని. వాళ్లు ఒప్పుకున్నామని రాసుకుంటారు. "ట్రై చేస్తాం" అంటే మన మర్యాదలో కుదరదని. వాళ్లు చేస్తారనే తీసుకుంటారు. కాబట్టి ప్రతి అంశానికీ నోటితో చెప్పండి: ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు, మా ప్లాంటుని అడిగి రేపు పది గంటలకి చెప్తాం. ఈ మూడో జవాబుకి వాళ్లు ఏమీ అనుకోరు, చెప్పిన టైముకి చెప్పకపోతేనే అనుకుంటారు. సాయంత్రం మీటింగు వివరాలు మెయిల్‌లో వస్తాయి. అందులో తప్పుంటే ఆ రాత్రే రాయండి. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

వాళ్ల వైపు నుంచి "ఇది తప్పు" అని మొహం మీదే వస్తుంది, మేనేజర్ ముందే. అది మన మీద కోపం కాదు, ఆ కొలత మీద మాట. మనం కూడా అలాగే చెప్పొచ్చు. గొంతు మాత్రం పెంచకూడదు, పెంచితే ఆ రోజుకి మాట్లాడటం ఆపేస్తారు. ఇంకొకటి, మెషిను గురించి వాళ్లు ముందు అడిగేది మన సీనియర్‌ని కాదు, దాన్ని నడిపేవాణ్ని. మన ఆపరేటరు పెద్ద సార్ వైపు చూసి ఊరుకుంటే అతనికి తెలియదనుకుంటారు. వెళ్లే ముందే అతనికి చెప్పండి, బాబూ నీకు తోచింది నువ్వే చెప్పు, మేం ఏమీ అనుకోం అని. ఈ ఒక్క ముందు మాట వల్ల దొరికిన లోపాలు చాలా ఉన్నాయి. ఫీడర్ (పొడిని లోపలికి పంపే భాగం) విప్పడానికి చెయ్యి పట్టదని చెప్పగలిగేది రోజూ దాన్ని విప్పి కడిగేవాడే.

"సార్" అని పిలవక్కర్లేదు. మొదట్లో మగవాళ్లకి హెర్, ఆడవాళ్లకి ఫ్రావ్, తర్వాత ఇంటిపేరు. మనల్నీ పాస్‌పోర్టులోని ఇంటిపేరుతో పిలుస్తారు, మన ఊళ్లో ఆ పేరున్నవాళ్లు వందమంది ఉంటారు కాబట్టి కాసేపు ఎవర్నో పిలుస్తున్నారనిపిస్తుంది. క్యాంటీన్ దారిలో ఎదురైనవాళ్లు "మాల్‌ట్సైట్" అంటారు, అది భోజనం వేళ పలకరింపు, తిరిగి అదే అనండి. మాంసం లేదన్న సూపులో మాంసం కాచిన నీళ్లుండొచ్చు, బంగాళాదుంపల్లో "స్పెక్" అనే సన్నటి పందిమాంసం ముక్కలుండొచ్చు. "వెగెటారిష్" అని అడిగి, "స్పెక్" ఉందా అని రెండోసారి అడగండి. నీళ్లడిగితే గ్యాస్ నీళ్లిస్తారు, మామూలువి కావాలంటే "ష్టిల్" అనాలి. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా, పానీయాల డబ్బా కొంటే 25 సెంట్లు డిపాజిట్, కొట్లోని మెషిన్‌లో వేస్తే తిరిగొస్తాయి. హోటల్లో బిల్లు ఎవరిది వాళ్లే కట్టుకోవడం మామూలు.

శుక్రవారం సంతకం దగ్గర తొందరపడకండి. పంచ్ లిస్టులో ప్రతి లోపానికీ మూడు ఉండాలి: సరిచేసేది డిస్పాచ్‌కి ముందా లేక ఇక్కడికొచ్చాకా అన్నది, ఎవరి బాధ్యత, ఏ తేదీ. "చిన్నదే, సైటులో చూసుకుందాం" అని నోటితో వదిలేస్తే వాళ్ల కాగితంలో అది లేనట్టే. తర్వాత అడిగితే ధరతో ఛేంజ్ ఆర్డర్ (అదనపు పనికి కొత్త ఆర్డరు) పంపుతారు, అందులో వాళ్ల మోసమేమీ లేదు.

మెషిను ఇక్కడికి చేరాక శాట్ (మన సైటులో చేసే యాక్సెప్టెన్స్ టెస్ట్) కోసం వాళ్ల టెక్నీషియన్ పైడిభీమవరం వస్తాడు. అప్పుడు ఆశ్చర్యపోవడం ఆయన వంతు. రోజు పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో ముందే రాసి పంపండి. కంప్రెస్డ్ ఎయిర్, కరెంటు, క్లీన్ రూమ్ సిద్ధంగా లేకపోయినా ఆయన రోజు బిల్లు లెక్కలోకి వస్తుంది. భోజనంలో కారం తగ్గించమని క్యాంటీన్‌కి చెప్పండి. ఆదివారం ఆయన సెలవు రోజు, ఫోన్ చేయకండి. అరసవల్లి తీసుకెళ్లాలనుంటే శుక్రవారమే అడగండి. ఆదివారం సూర్యనారాయణస్వామి దగ్గర జనం ఎక్కువ, శనివారం పొద్దున్న అయితే నెమ్మదిగా చూసి రావచ్చు.