మాల్దీవుల్లో తక్కువ ఖర్చుతో స్కూబా డైవింగ్: మేము లెక్క వేసుకున్న తీరు

2025 నవంబరు చివరి వారంలో మా వారు, నేను మాల్దీవుల్లో ఏడు రాత్రులు ఉండి, చెరి ఎనిమిది డైవ్‌లు చేసి వచ్చాము. సికింద్రాబాదులో రైలెక్కిన దగ్గర నుంచి తిరిగి అక్కడే దిగేవరకు ఇద్దరికీ కలిపి రెండు లక్షల పన్నెండు వేల రూపాయలు అయింది. ఇది చిన్న మొత్తమని నేను అనను. మేము రెండేళ్లపాటు నెలనెలా పక్కన పెట్టుకున్న డబ్బు అది. అయితే మాల్దీవులంటే లక్షల్లో జీతాలున్నవాళ్లు పెళ్లయిన కొత్తలో వెళ్లే చోటని, మనకు అందేది కాదని అనుకుని డైవింగ్ మీద ఇష్టమున్నా ఆగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వారి కోసం మా లెక్కలన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది ఖరీదంతా ఎక్కడ ఉందనేది. మాల్దీవుల్లో 1,190 పైచిలుకు ద్వీపాలున్నాయి. వాటిలో స్థానిక ప్రజలు నివసించేవి రెండు వందల లోపే. రిసార్టులన్నీ ఒక్కో ద్వీపాన్ని మొత్తంగా తీసుకుని కట్టినవి కాబట్టి, అక్కడ అడుగు పెట్టాక మంచినీళ్ల సీసా దగ్గర నుంచి డైవ్ దాకా అన్నీ వాళ్లు చెప్పిన ధరకే కొనుక్కోవాలి. పైగా దూరపు రిసార్టుకు చేర్చే సీప్లేన్‌కు రానూపోనూ మనిషికి 400 డాలర్ల పైమాటే. 2009 తర్వాత ప్రభుత్వం ఊళ్లున్న ద్వీపాల్లో కూడా గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఇవ్వడంతో ఈ పరిస్థితి మారింది. మాఫుషి, ఫులిధూ, రస్ధూ, ధిగురా వంటి ద్వీపాల్లో ఇప్పుడు సామాన్యులు అద్దెకు ఉండగలిగే గదులున్నాయి, వాటి పక్కనే డైవ్ సెంటర్లూ ఉన్నాయి. సముద్రం మాత్రం రిసార్టు వాళ్లదీ మనదీ ఒక్కటే. రెండు పడవలూ చాలాసార్లు నీటి అడుగున ఉండే ఒకే పగడపు దిబ్బ దగ్గర ఆగుతాయి.

మేము ధిగురాను ఎంచుకున్నాము. అక్కడి ధివేహి భాషలో ఆ పేరుకు పొడవైన ద్వీపమని అర్థం, నిజంగానే అది ఈ కొస నుంచి ఆ కొసకు మూడు కిలోమీటర్ల దాకా సాగిన సన్నటి ఇసుక పట్టీ. దక్షిణ ఆరి పగడపు వలయంలో ఉన్న ఆ ద్వీపానికి దగ్గరలోని సముద్రాన్ని 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తిమింగల సొరచేపలు ఏడాది పొడవునా కనిపించే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఆ చేపను చూడాలన్న కోరిక నాకు 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను మత్స్యకారులు, అటవీశాఖవారు కలిసి తిరిగి సముద్రంలోకి పంపిన వార్త చదివినప్పటి నుంచీ ఉంది.

ప్రయాణంలోనే మేము మొదటి పెద్ద మొత్తాన్ని మిగుల్చుకున్నాము. హైదరాబాదు నుంచి మాల్దీవుల రాజధాని మాలే వరకు విమానంలోనే వెళ్లే బదులు శబరి ఎక్స్‌ప్రెస్‌లో తిరువనంతపురం చేరుకుని, అక్కడి నుంచి గంటకు కాస్త పైగా పట్టే విమానం ఎక్కాము. మండల దీక్ష రోజులు కావడంతో మా పెట్టె నిండా నల్లబట్టల అయ్యప్ప స్వాములే ఉన్నారు. తెల్లవారుజామున వారి శరణుఘోషతోనే మెలకువ వచ్చింది. టికెట్లు మాత్రం రెండు నెలల ముందే తీసుకోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ బండిలో బెర్తు దొరకడం కష్టం. భారతీయులకు వీసా రుసుము లేదు, 90 రోజుల వరకు ఉండవచ్చు. ప్రయాణానికి 96 గంటల ముందు నుంచి ఇముగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు నింపాలి, దానికి పైసా కట్టనక్కరలేదు.

మాలే నుంచి ధిగురాకు స్పీడ్‌బోటులో రెండు గంటల ప్రయాణం, మాకు ఒక వైపుకు మనిషికి 55 డాలర్లయింది. ప్రభుత్వ ఫెర్రీలు ఇంతకంటే ఎంతో చౌక, కానీ అవి రోజూ ఉండవు, దూరపు ద్వీపాలకు చాలా సమయం తీసుకుంటాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి: శుక్రవారం అక్కడ సెలవు, మధ్యాహ్నం నమాజు అయ్యేవరకు పడవలు దాదాపు కదలవు. శుక్రవారం ఉదయం దిగేలా విమానం తీసుకున్నవారు మాలేలో పడిగాపులు పడాలి.

గది విషయంలో మేము పొరపడ్డాము. రోజుకు 65 డాలర్లు అని చూసి ఏడు రాత్రులకు 455 అని రాసుకున్నాను. ఆ మొత్తం మీద పది శాతం సర్వీస్ ఛార్జీ, ఆ రెండింటి మీద కలిపి 17 శాతం పర్యాటక పన్ను, ఇవిగాక మనిషికి రాత్రికి ఆరు డాలర్ల చొప్పున గ్రీన్ టాక్స్ పడతాయని ముందుగా గమనించలేదు. చివరికి బిల్లు 670 డాలర్లకు చేరింది. గెస్ట్‌హౌస్ వాళ్లు దాచినదేమీ లేదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని నేనే చదవలేదు. డైవ్ ధరలకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి, ఎవరికి ఉత్తరం రాసినా పన్నులన్నీ కలిపి ఎంతో చెప్పమని అడగండి. మేము అలా అడిగి, ఎనిమిది డైవ్‌ల ప్యాకేజీని పరికరాల అద్దెతో సహా డైవ్‌కు 55 డాలర్ల చొప్పున ఖాయం చేసుకున్నాము.

డబ్బు నిజంగా మిగిలేది ఇంటి దగ్గరే. అక్కడికి వెళ్లి కోర్సు నేర్చుకుంటే సెలవులో సగం రోజులు తరగతికీ, మోకాళ్ల లోతు నీటిలో అభ్యాసానికీ పోతాయి. మేము డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సును పుదుచ్చేరిలో పూర్తి చేశాము. పాఠాలు ఇంట్లో చదువుకున్నాము, ఈతకొలనులో సాధన చేశాము, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు చేశాము. నీరు అంత తేటగా లేకపోయినా అక్కడ నేర్చుకున్నందుకు నాకు ఎంతో తృప్తిగా ఉంది, ఎందుకంటే చేయి చాపితే వేళ్లు మసకగా కనిపించే నీటిలో నిబ్బరంగా ఉండటం అలవాటైనవారికి మాల్దీవుల నీరు భయం కలిగించదు. ఆ కోర్సు పూర్తి చేసినందుకు ఇచ్చే ధ్రువపత్రంతో 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు.

పరికరాల్లో మాస్క్ ఒక్కటి సొంతంగా కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం. అద్దె మాస్క్ మన ముఖానికి అతకకపోతే అంచుల నుంచి నీరు చేరుతూనే ఉంటుంది, చేపల మీద ఉండవలసిన ధ్యాసంతా ముక్కు మీదే ఉంటుంది. కొనేటప్పుడు పట్టీ వేసుకోకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయాలి. అది జారకుండా నిలిస్తే మనకు సరిపోయినట్టే. మిగిలిన బరువైన సామానంతా అద్దెకు తీసుకోవడమే మేలు.

ఎక్కడ తగ్గించకూడదో కూడా చెప్పాలి. మేము మూడు డైవ్ సెంటర్లకు రాసి, అన్నిటికంటే చౌకైనదాన్ని వదులుకున్నాము. ఒక గైడు వెంట ఎంతమందిని దింపుతారు, పడవలో ఆక్సిజన్ ఉంటుందా, ప్రతి ఒక్కరికీ లోతునూ సమయాన్నీ చూపే డైవ్ కంప్యూటర్ ఇస్తారా అని అడిగితే వారు మొదటి ప్రశ్నకు జవాబే ఇవ్వలేదు. మాల్దీవుల్లో పగడపు వలయాల మధ్య ఉండే కాలువలను కండు అంటారు, వాటిలో ప్రవాహం కొన్ని వేళల్లో మనిషిని ఈడ్చుకుపోయేంత వేగంగా ఉంటుంది. కొత్తవారికి అక్కడ గైడు పక్కనే ఉండటం చాలా అవసరం. డైవింగ్‌కు వర్తించే బీమా కూడా వేరుగా తీసుకున్నాము; మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో అది ఉండదు, ఉన్నా లోతుకు పరిమితి పెడతారు.

అక్కడి నీటి అడుగు దిబ్బల్లో పైకి దాదాపు ఉపరితలం వరకు వచ్చే వాటిని గిరి అంటారు, ఇంకా లోతులో ఆగిపోయే వాటిని థిల అంటారు. గిరి అన్న మాట వినగానే మనకు కొండ తడుతుంది కదా, నీటిలోకి దిగి చూస్తే అది అచ్చంగా కొండే. మా మొదటి డైవ్ అటువంటి ఒక గిరి దగ్గర జరిగింది. గైడు నాకు ఎదురుగా మోకరిల్లి, మాస్క్‌లోకి నీళ్లు నింపి ఖాళీ చేయమని సైగ చేశాడు. నేను కళ్లు మూసుకుని, పై అంచును వేళ్లతో నొక్కిపట్టి, ముక్కుతో మెల్లగా ఊదాను. కళ్లు తెరిచేసరికి అతని భుజం వెనక నీలి చారల పసుపు చేపలు వందల సంఖ్యలో, ఒక్క తెర కదిలినట్టుగా పక్కకు తిరుగుతున్నాయి. సిలిండరులో మిగిలిన గాలిని చూపే గేజిలో సూది 200 దగ్గర మొదలై 50 దగ్గరకు వచ్చేసరికి నలభై ఆరు నిమిషాలు గడిచాయి.

తిమింగల సొర నాలుగో రోజు కనిపించింది. రెండు డైవ్‌ల మధ్య పడవ దిబ్బ వెలుపలి అంచు వెంట వెళుతుండగా పైన నిలబడిన కుర్రవాడు చేయి ఊపాడు. సిలిండర్లు లేకుండా మాస్క్, ఊపిరి తీసుకునే గొట్టం (స్నార్కెల్), కాళ్లకు తొడిగే రెక్కలతోనే (ఫిన్స్) దూకాము. మూడు మీటర్ల దూరం పాటించాలని, తాకకూడదని ముందే చెప్పారు. అయిదు మీటర్లు ఉండవచ్చు ఆ చేప, అంటే ఇంకా పిల్లదే. బూడిద రంగు వీపు మీద ముగ్గు పెట్టేముందు వేసే చుక్కల్లాంటి తెల్లటి చుక్కలు వరుసగా ఉన్నాయి, ఒక రెక్క అంచు ఎప్పుడో తెగి మానినట్టుంది. అది తొందరేమీ లేకుండా ఈదుతున్నట్టే ఉన్నా, దానితో సమంగా వెళ్లడానికి నా కాళ్లు నొప్పి పుట్టాయి. చూస్తుండగానే అది లోతుకు వంగి నీలంలో కలిసిపోయింది.

భోజనం గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. పొద్దున గెస్ట్‌హౌస్‌లో రోషి అనే రొట్టె, మస్ హునీ పెట్టేవారు. చూర చేప (ట్యూనా) మాంసం, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం కలిపి చేసే ఆ వంటకం మన నోటికి వెంటనే నచ్చుతుంది. రాత్రి ఊరివాళ్లు తినే చిన్న హోటళ్లలోనే తిన్నాము. ఊళ్లున్న ద్వీపాల్లో మద్యం దొరకదు, వీధుల్లో ఒళ్లు కప్పుకుని తిరగాలి.

ఎనిమిదో డైవ్ ఆరో రోజు మధ్యాహ్నానికే ముగిసేలా చూసుకున్నాము. వరుసగా డైవ్‌లు చేసిన తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఇరవై నాలుగు గంటలు ఆగితే ఇంకా మంచిది. చివరి రోజు ఖర్చు లేని రోజుగా కలిసివచ్చింది. పొద్దున్నే ద్వీపం దక్షిణపు కొస వరకు నడిచి, ఇసుక తిన్నె మీద కూర్చుని లాగ్‌బుక్ పూర్తి చేశాము. ఏ రోజు ఎంత లోతుకు దిగామో, నీరు ఎంత వెచ్చగా ఉందో, ఏమి చూశామో రాసుకుంటూ నాలుగో రోజు పేజీకి వచ్చినప్పుడు, ఆ తెగిన రెక్క కుడివైపుదా ఎడమవైపుదా అని మా ఇద్దరికీ చాలాసేపు వాదన నడిచింది.