జీమ్యాట్ మళ్లీ రాసేముందు

ఎంబీఏ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్ మళ్లీ రాయాలంటే కనీసం 16 రోజులు ఆగాలి. గడువు తీరగానే స్లాట్ బుక్ చేసేయకండి. ముందు పాత తప్పులు ముందేసుకుని ఒక్కోదానికీ కారణం రాయండి: లెక్క రాలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, టైమ్ చాలలేదా? చాలామందికి దెబ్బ తగిలేది టైమ్ దగ్గరే. క్వాంట్‌లో (లెక్కల సెక్షన్‌లో) 45 నిమిషాలకు 21 ప్రశ్నలు. ఒకే లెక్క పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చుంటే చివరివి ఖాళీగా మిగులుతాయి, ఖాళీ వదిలితే స్కోరు ఇంకా తగ్గుతుంది. మూడు నిమిషాలు దాటిందా, ఏదో ఒక జవాబు పెట్టి, బుక్‌మార్క్ చేసి కదలండి. అన్నీ పూర్తయ్యాక టైముంటే సెక్షన్‌కు 3 జవాబుల దాకా మార్చుకోవచ్చు. పట్టికలు, గ్రాఫుల మీద ప్రశ్నలుండే డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌ను చిన్నచూపు చూడకండి, మొత్తం స్కోరులో దానికీ సమాన వాటా ఉంది. అందులో కాలిక్యులేటర్ ఇచ్చారు కదా అని ప్రతిదీ నొక్కుతూ కూర్చోవద్దు. చాలా పట్టికలకు ఉజ్జాయింపు లెక్క చాలు.