మా అబ్బాయితో నమీబియాలో తొలి వేట: నా అనుభవం

మేం ఉండేది టెక్సస్‌లో. ఈ రాష్ట్రంలోని కొండ ప్రాంతపు పశుక్షేత్రాల్లో మన కృష్ణజింకలు, చుక్కల దుప్పులు గుంపులుగా తిరుగుతుంటాయి. 1930ల్లో వేట కోసం తెచ్చి వదిలిన వాటి సంతానం ఇవి. ఒకటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, రెండోది తెలంగాణది. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి కాపలా కాస్తుంది. ఇక్కడ ఏడాది పొడవునా వేటాడవచ్చు. మా అబ్బాయి వేట నేర్చుకున్నది చుక్కల దుప్పి మీదే. కృష్ణజింక జోలికి మాత్రం నేను పోనివ్వలేదు. చట్టం అడ్డు రాదని తెలుసు, నా మనసు ఒప్పుకోలేదు.

పదహారేళ్లు నిండాక వాడు ఆఫ్రికా మాట ఎత్తాడు. నాకు సంతోషమే వేసింది. నేనూ రైఫిల్ పట్టినదాన్నే. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటాడాలంటే శిక్షణ ధ్రువపత్రం ఉండాలి, దాన్ని తల్లీకొడుకులం కలిసే తీసుకున్నాం. మావారు శాకాహారి. "మీరిద్దరూ వెళ్లి రండి, కాగితాల సంగతి నేను చూస్తాను" అన్నారు. అన్నట్టే అన్నీ ఆయనే చూశారు. నేను పెట్టిన షరతు ఒక్కటే: చంపినదాని మాంసం వృథా కాకూడదు, మన పళ్లెంలోకీ రావాలి.

నమీబియాను ఎంచుకోవడానికి మొదటి కారణం బడి సెలవులు. అమెరికాలో జూన్, జులై వేసవి సెలవులైతే అక్కడ అది చలికాలం. వానలు ఉండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి వస్తాయి. వేట కాలం ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ఉంటుంది. మలేరియా బెడద ఎక్కువగా ఉత్తరాదినే, మేం వెళ్లింది రాజధాని విండ్‌హుక్‌కు తూర్పున కలహారి ఎడారి అంచుకు. అధికార భాష ఇంగ్లిష్ కావడంతో వాడికి మధ్యలో ఎవరూ మాట సాయం చేయనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. వేటలో గైడు గుసగుసగా చెప్పే ఒక్క మాట అర్థం కాకపోయినా ప్రమాదమే.

ఇంకో కారణం ఆ దేశపు పద్ధతి. 1975 నాటి చట్టం సొంత భూములున్న రైతులకు తమ నేల మీది వన్యమృగాలపై హక్కు ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్లకు, 1996లో, గ్రామ సముదాయాలు కూడా సంరక్షణ సంఘాలుగా ఏర్పడి అలాంటి హక్కు పొందే వీలు కల్పించారు. జంతువు బతికి ఉంటే తమకు ఆదాయమని తెలిశాక, పశువుల మేత తినేస్తోందని దాన్ని తరిమేసేవాళ్లే కాపాడటం మొదలుపెట్టారు. వేట మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మీరు కట్టే డబ్బు ఎవరికి చేరుతుందో, ఆ నేల మీద జంతువులు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో ముందు కనుక్కోండి. నేను కనుక్కున్నాకే బయానా పంపాను.

కాగితాల విషయంలో తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. నా పాస్‌పోర్టులో నా పుట్టింటి ఇంటిపేరే ఉంది. మా అబ్బాయికి వాళ్ల నాన్న ఇంటిపేరు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు తల్లితోనో తండ్రితోనో ఒక్కరితోనే నమీబియాకు వెళ్తే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పూర్తి జనన ధ్రువపత్రం, రెండోవారి అంగీకార పత్రం దగ్గర ఉంచుకోవాలి. మావారు నోటరీ దగ్గర సంతకం చేసి, తన పాస్‌పోర్టు నకలు కూడా జత చేసి ఇచ్చారు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమెరికా పౌరులకూ అక్కడ వీసా తప్పనిసరి చేశారు, దాన్ని ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. విమానాశ్రయంలో అధికారిణి మా ఇద్దరి ఇంటిపేర్లు చూసి ఆగింది. జనన ధ్రువపత్రం చూపించగానే ముద్ర వేసింది. ఆ పత్రం పెట్టెలో కాక చేతిసంచిలో ఉండటం వల్లే పని అంత సులువుగా అయింది.

రైఫిళ్లు తీసుకెళ్లాలా వద్దా అని చాలా ఆలోచించాం. తీసుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందే అమెరికా కస్టమ్స్ కార్యాలయంలో తుపాకీని చూపించి 4457 నంబరు ఫారం మీద ముద్ర వేయించుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అది మనదేనని నిరూపించడం కష్టం. విండ్‌హుక్‌లో దిగాక పోలీసుల దగ్గర తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. మధ్యలో విమానం మారే దేశం నిబంధనలు వేరే. ఇవన్నీ చదివి, మేం దిగబోయే వేట శిబిరం వాళ్ల రైఫిలే అద్దెకు తీసుకుందామని నిర్ణయించుకున్నాం. సైలెన్సర్ ఉన్న .308 రైఫిల్ ఇస్తామన్నారు. అక్కడ సైలెన్సర్ వాడటం మామూలే, పిల్లల చెవులకూ మేలు. ఇక్కడ అదే రకం రైఫిల్‌తో సాధన చేయించాను.

సాధన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు తయారీ అదే. టెక్సస్‌లో మంచె మీద కూర్చుని, బల్లకు రైఫిల్ ఆనించి కాల్చడం అలవాటు. ఆఫ్రికాలో నడిచి వెళ్లి, మూడు కాళ్ల కర్ర మీద రైఫిల్ పెట్టి, నిలబడి కాల్చాలి. ఊపిరి ఎగసిపడుతుంటుంది, కాళ్లు వణుకుతుంటాయి. అందుకని వాణ్ణి మైదానంలో పరుగెత్తించి, ఆ ఆయాసంలోనే కర్ర మీద గురి పెట్టించేదాన్ని. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కడం రాత్రిపూట దినచర్య అయింది. గుండె ఎక్కడుంటుందో కూడా మళ్లీ నేర్చుకోవాలి. ఇక్కడి జింకలకు అలవాటుపడినవాళ్లు భుజం వెనక గురి పెడతారు. ఆఫ్రికా జింకజాతి మృగాలకు గుండె ఇంకా ముందుకు, కిందికి ఉంటుంది. పక్కకు తిరిగి నిలబడితే ముందరి కాలు వెంట పైకి చూస్తూ వెళ్లి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగాలి. బొమ్మలు అచ్చు వేయించి గోడకు అంటించాం. గెమ్స్‌బాక్ అనే పెద్ద ఆఫ్రికా జింకజాతి మృగం ఎటు తిరిగి నిలబడినా గుండె ఎక్కడుందో వాడు వేలు పెట్టి చూపించగలిగేదాకా నేను టికెట్లు కొనలేదు.

విండ్‌హుక్ విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల పైనే ఉంటుంది. అక్కడి నుంచి గైడు బండిలో తూర్పుకు వెళ్లాం. ఎర్ర ఇసుక, ఒంటెముళ్ల చెట్లు, కొన్నింటి మీద గడ్డివామంత పిచ్చుక గూళ్లు. పగలు ఎండ హాయిగా ఉంది గానీ రాత్రి చలి ఎముకలు కొరికింది. ఆఫ్రికా కదా అని ఉన్ని బట్టలు తీసుకెళ్లనివాళ్లు మంచాన పడతారు. మొదటి పని గురి పరీక్ష. కాగితం మీద ఇద్దరం కాల్చి చూపించాకే గైడు మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లాడు. అప్పుడే మా అబ్బాయితో ఒక మాట అన్నాడు: "ఇక నుంచి నువ్వు నా మాట వినాలి. మీ అమ్మ కూడా."

ఆ మాట నాకు నచ్చింది, కష్టంగానూ అనిపించింది. అంతవరకూ ప్రతి పనిలో నా చెయ్యి ఉంది. బట్టలు, మందులు, సాధన అన్నీ నేను చూసుకున్నవే. అడవిలో వరుస ఇలా ఉండేది: ముందు జాడ చూసే పెద్దాయన, వెనక గైడు, గైడు వెనకే మా అబ్బాయి, చివర నేను. జాడ చూసే ఆయన అక్కడి దమారా తెగ మనిషి. ఇసుకలో గిట్టల గుర్తు అంచు ఎంత పదునుగా ఉందో, దాని మీద చీమలు నడిచాయో లేదో చూసి ఎంతసేపటి క్రితం వెళ్లిందో చెప్పేవాడు. మా అబ్బాయి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. ఫోను పక్కన పెట్టి వాడు అంత శ్రద్ధగా ఒక మనిషి దగ్గర నేర్చుకోవడం నేను చూసి చాలాకాలమైంది.

మొదటి వేట నాది, స్ప్రింగ్‌బాక్ అనే ఒక చిన్నపాటి జింక. శిబిరం వంటకు మాంసం కావాలన్నారు. ఆ జంతువు వీపు మీద ఒక మడతలో తెల్లటి పొడవాటి వెంట్రుకలు దాగి ఉంటాయి. ప్రాణం పోయాక అవి విసనకర్రలా విచ్చుకుని తేనె వాసన వేస్తాయి. గైడు చెబితే మా అబ్బాయి వంగి వాసన చూశాడు. ఏమీ అనకుండా దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు.

వాడికి మాత్రం వెంటనే దొరకలేదు. వాడు కోరుకున్నది గెమ్స్‌బాక్. మగది రెండు వందల కిలోల పైన తూగుతుంది, కొమ్ములు కత్తుల్లా నిటారుగా ఉంటాయి. ఆడవాటికీ కొమ్ములుంటాయి, తరచూ మగవాటికన్నా పొడవుగా, సన్నగా. దుర్బిణిలో కొమ్ము మొదలు లావు చూసి మగదో ఆడదో పోల్చుకోవడం వాడు త్వరగానే పట్టేశాడు. గైడు వెతుకుతున్నది మందలో జత కట్టే వయసు దాటిపోయి ఒంటరైన ముసలి మగదాన్ని.

ఒక ఉదయం అలాంటిదే దొరికింది. మూడు కాళ్ల కర్ర నిలిచింది, రైఫిల్ దాని మీదికి వెళ్లింది. దూరం నూట నలభై మీటర్లు. జంతువు పక్కకు తిరిగి నిలబడింది. గైడు "సిద్ధంగా ఉన్నప్పుడు" అన్నాడు. తుపాకీ మోగలేదు. నాకు వెనక నుంచి వాడి భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. 'కాల్చు' అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. వాడు తల ఎత్తి, మెల్లగా సేఫ్టీ వేసి, "వెనక పొదలో ఏదో కదులుతోంది" అన్నాడు. గైడు మళ్లీ దుర్బిణి పెట్టి చూశాడు. పొద నీడలో ఒక ఆడది, దాని పక్కన దూడ ఉన్నాయి. తూటా మొదటిదాని ఒంట్లోంచి దూసుకుపోయి వాటికి తగిలి ఉండేది.

శబ్దం విని బాణం వేసి మునికుమారుణ్ణి చంపిన దశరథుడి కథ వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వేట శిక్షణలో 'గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చవద్దు' అన్న సూత్రం వచ్చినప్పుడు నేను ఆ కథే మళ్లీ చెప్పాను. ఆ ఉదయం నేను ఏమీ గుర్తు చేయలేదు. జంతువులు వెళ్లిపోయాయి. గైడు వాడికి చెయ్యి కలిపాడు. నా లెక్కలో మొత్తం ప్రయాణానికి అదే గొప్ప ఘడియ, ఆ తర్వాత వచ్చినదానికన్నా కూడా.

తర్వాత వచ్చిందీ బాగానే ముగిసింది. వేరే రోజు, సాయంకాలపు వెలుగులో, కొమ్ముల కొనలు అరిగిన ఒక ముసలి మగది ఒంటరిగా దొరికింది. ఒక్క తూటా. అది వంద మీటర్లు కూడా పరుగెత్తకుండా కూలిపోయింది. వెంటనే దగ్గరికి వెళ్లకూడదు. గాయపడిన గెమ్స్‌బాక్ కొమ్ములతో మనిషిని పొడిచి చంపగలదు. ఆగి, వెనక నుంచి వెళ్లి, కర్రతో కన్ను తాకి చూశాక గైడు రమ్మన్నాడు. అక్కడి జర్మన్ సంతతి వేటగాళ్ల ఆచారం ప్రకారం పచ్చటి రెమ్మ ఒకటి తుంచి మా అబ్బాయి చేతికిచ్చాడు. చివరి ముద్దగా దాన్ని జంతువు నోట్లో పెట్టాలి. పెడుతున్నప్పుడు వాడికి కన్నీళ్లు వచ్చాయి. "ఏడవనీ, తప్పేం లేదు నాన్నా" అన్నాను. కన్నీళ్లు రాకపోతే నేను దిగులుపడేదాన్ని.

ఫొటోలు తీసేముందు నెత్తురు తుడిచారు, నాలుక లోపలికి పెట్టారు. దాని మీద కాలు వేసి నిలబడటం లాంటివి ఆ శిబిరంలో ఎవరూ చేయరు. ఆ మర్యాద చూసి నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. చర్మం ఒలిచే పాకలో మా అబ్బాయి చివరిదాకా ఉండి సాయం చేశాడు. తూటా ఎటు నుంచి ఎటు వెళ్లిందో గైడు గుండె తీసి చూపించాడు. మాంసం ఎక్కువ భాగం శిబిరంలో పనిచేసేవాళ్ల కుటుంబాలకు వెళ్లింది. కొంత ఉప్పు, ధనియాలు పట్టించి బిల్టాంగ్ కోసం ఆరబెట్టారు. మాంసం అమెరికాకు తెచ్చుకునే వీలు లేదు, బిల్టాంగ్ ముక్క కూడా. అందుకే తినేదంతా అక్కడే తినాలి. నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన కారం, ధనియాల పొడి తీసి, వంటామెను అడిగి అల్లం వెల్లుల్లి నూరి వేపుడు చేశాను. కొవ్వు లేని మాంసం కాబట్టి నూనె కాస్త ఎక్కువ పట్టింది. జాడ చూసే పెద్దాయన రెండోసారి వడ్డించుకున్నాడు.

ఖర్చు గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. రోజువారీ రుసుము వేరు, ఒక్కో జంతువుకు కట్టేది వేరు. నెత్తురు చిందితే, జంతువు దొరక్కపోయినా, డబ్బు కట్టాలి. ఈ నియమం పిల్లలకు ముందే చెప్పండి, ట్రిగ్గర్ దగ్గర తొందర తగ్గుతుంది. పిల్లల వేట అనుభవం, వాళ్లు వాడే రైఫిల్, పిల్లలతో పనిచేసిన గైడు ఉన్నాడా లేడా అన్నవి శిబిరం వాళ్లను రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు ఇవ్వనివాళ్లను వదిలేయండి. నేను ఇద్దరిని అలాగే వదిలేశాను.

కొమ్ములు, పుర్రె మాత్రం తెచ్చుకున్నాం. విండ్‌హుక్‌లో వాటిని శుభ్రం చేసి, మందులో ముంచి, ఎగుమతి అనుమతితో పంపుతారు. నెలలు పడుతుంది. అమెరికాలో అవి డాలస్ విమానాశ్రయంలో దిగాయి, వన్యప్రాణి సరుకు దింపడానికి అనుమతి ఉన్న చోట్లలో అదొకటి. వన్యప్రాణి శాఖకు 3-177 నంబరు ఫారం ఇవ్వాలి. దాంట్లో జంతువు శాస్త్రీయ నామం, దేశం, సంఖ్య అన్నీ మా అబ్బాయే నింపాడు. నేను సరిచూసి సంతకం చేశాను.