యదన్నః పురుషో భవతి

శ్రీరామనవమి నైవేద్యానికి పొయ్యి వెలిగించక్కర్లేదు. పానకం, వడపప్పు, పచ్చి చలిమిడి. అంతే. చైత్రమాసపు ఎండలో ఇల్లాలిని పొయ్యి దగ్గర నిలబెట్టని పండగ కాబట్టి మా ఆడవాళ్ళకి రాముడంటే ఇంకాస్త ఇష్టం!

సార్వభౌముడికి ఇంత తేలికపాటి తిండా అంటారా? దానికి రాముడి మాటే ఉంది. చిత్రకూటానికి భరతుడొచ్చి నాన్నగారు పోయారని చెప్పాక, రాముడు మందాకినిలో తర్పణం విడిచి, ఒడ్డున దర్భలు పరిచి పిండం పెట్టాడు. దశరథ మహారాజుకి పెట్టిన ఆ పిండంలో అన్నం లేదు. అడవిలో దొరికే గారకాయల (ఇంగుదీ) పిండిలో రేగుపండ్లు కలిపిన ముద్ద. పెడుతూ ఇలా అన్నాడు:

ఇదం భుంక్ష్వ మహారాజ ప్రీతో యదశనా వయమ్ ।
యదన్నః పురుషో భవతి తదన్నాస్తస్య దేవతాః ॥

"మహారాజా, మేం తినేది ఇదే, ప్రీతితో ఆరగించు. మనిషి ఏం తింటాడో అతని దేవతలకీ అదే ఆహారం." తర్వాత కౌసల్య ఆ ముద్దని చూసి, లోకంలో చెప్పుకునే ఈ మాట నిజమేనంటూ ఏడ్చింది.

లేనివాళ్ళకి ఓదార్పుగా ఈ శ్లోకం చెబుతుంటారు. నాకైతే ఉన్నవాళ్ళనే నిలదీస్తున్నట్టు ఉంటుంది. మన డబ్బాలో ఏముందో రాముడికీ అదే కదా!

బెల్లమే తీసుకోండి. దేవుడికని ఏరి ఏరి పసుపుపచ్చగా మెరిసే అచ్చు కొంటాం. చాలాసార్లు ఆ మెరుపు చెరకురసం కాచేటప్పుడు రంగు తేలడానికి వేసిన హైడ్రోస్ అనే రసాయనానిది. మందు కలపని బెల్లం ముదురు రంగులో ఉంటుంది, ఒక్కోసారి నల్లగానే ఉంటుంది. పానకం రంగు తేలదని దాన్ని పక్కన పెట్టేస్తాం. శబరి పెట్టిన పండ్లు తిన్న స్వామికి రంగుతో పనేమిటి?

పెసలు అలా కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోసిన మాగాణిలో మిగిలిన తేమ మీదే పెసర, మినుము పండిస్తారు. నేలకి నత్రజని ఇచ్చి మరీ పోతుంది ఆ పైరు. నవమి నాటికి కొత్త పెసలు ఇళ్ళకి చేరి ఉంటాయి. మామిడి చెట్టున్న ఇంట్లో పుల్లటి కాయ, కోటలో తులసి, కుండీలో నాలుగు పచ్చిమిరపకాయలు ఎలాగూ ఉంటాయి. మిరియాలు మన మన్యానివే దొరుకుతాయి, పాడేరు, అరకు వైపు కాఫీతోటల నీడచెట్లకి పాకిస్తారు.

లీటరు నీళ్ళకి నూట యాభై గ్రాముల బెల్లం, అరచెంచా మిరియాలపొడి, నాలుగు ఏలకులు. కొత్తకుండలో కలిపితే చల్లదనానికి ఫ్రిజ్ అక్కర్లేదు. పప్పు గంట నానితే చాలు, కడిగిన నీళ్ళు తులసికోటలో కాకుండా మిరపకుండీలో పొయ్యండి. నైవేద్యం అయ్యాక పందిట్లో పంచడానికి వడపప్పుకి మోదుగాకు దొప్పలు, పానకానికి స్టీలు గ్లాసులు. గ్లాసులు కడగడానికి మనుషులు లేరంటారు గానీ, రాముడి పేరు చెబితే ఇద్దరు కుర్రాళ్ళు దొరక్కపోరు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మామిడితురుము కలిపిన వడపప్పు ఈ ఎండకి సాయంత్రం దాకా ఆగదు. మిగిలేలా ఉంటే మధ్యాహ్నమే రెండు ఎండుమిరపకాయలు, జీలకర్ర వేసి రోట్లో నూరెయ్యండి. వేడన్నంలోకి పచ్చి పెసరపప్పు పచ్చడి తయారు.