జిలేబీ లైటు ఆరేదాకా ఆగు రా

దసరాకి కారు కొన్నాం. డీజిల్. కొనేముందే మా బామ్మర్ది మొత్తుకున్నాడు, బావా నువ్వు రోజూ తిరిగేది నిజాంపేట నుంచి గచ్చిబౌలి, పోను పదిహేను కిలోమీటర్లు రాను పదిహేను, దానికి డీజిల్ ఎందుకు పెట్రోల్ తీస్కో అని. నేను వినలేదు. మా బాపు ముప్పై ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్ చేసిండు, చిన్నప్పటి నుంచి ఆ డీజిల్ వాసన, ఆ మోత అలవాటైపోయి పెట్రోల్ బండి నడిపితే ఏదో కుట్టుమిషన్ తొక్కినట్టు ఉంటది నాకు. పైగా నెలకోసారి ఊరికి పోతాం, మైలేజీ వస్తది, అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. నెలకోసారి పోలేదు. దసరా నుంచి డిసెంబర్ దాకా ఒక్కసారి కూడా పోలేదు.

డిసెంబర్ రెండో వారంలో డాష్‌బోర్డ్ మీద పసుపు రంగు లైటు వెలిగింది. డబ్బా లాంటి బొమ్మ, లోపల చుక్కలు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, సార్ అది డీపీఎఫ్, సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటది, నిండింది, హైవే మీద ఒకసారి బాగా లాగండి పోతది అన్నాడు. అమ్మేటప్పుడు మాత్రం ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, సన్‌రూఫ్ గురించి అరగంట చెప్పారు, మాది సన్‌రూఫ్ లేని మోడల్ అయినా.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది ఏందంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి ఈ ఫిల్టర్ వచ్చి చేరింది. తేనెపట్టు లాంటి జాలీ, మసి అందులో ఆగిపోతది. కొంత నిండాక బండే తనంతట తాను కొంచెం ఎక్కువ డీజిల్ కొట్టి పొగగొట్టం లోపల వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఆ మసిని కాల్చేస్తది. దానికి ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి స్పీడ్‌లో పోవాలి. మరి నేను పోయేది జేఎన్‌టీయూ సిగ్నల్, హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద, అక్కడ పదిహేను నిమిషాలు ఆగకుండా పోయేది ఒక్క బైకులే, అవీ ఫుట్‌పాత్ మీద. పైగా చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కేసరికే సగం దారి అయిపోతది. పాపం బండి రోజూ కాల్చడం మొదలుపెట్టేది, నేను ఆఫీస్ బేస్‌మెంట్‌లో పెట్టి తాళం తీసేసేవాణ్ణి. ఆపాక కూడా ముందు ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతుంటే కొత్త బండి కదా పవర్ ఉంది అనుకునేవాణ్ణి. ఇట్లా మధ్యలో ఆపేస్తే కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తదట, డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి గీత పైకి ఉంది.

సరే అని ఒక ఆదివారం పొద్దున ఐదున్నరకి మల్లంపేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు, అదే ఓఆర్ఆర్ ఎక్కా, పటాన్‌చెరు మీదుగా ఒక రౌండ్ కొట్టి ఇంటికొచ్చి టిఫిన్ తిందాం అని ప్లాన్. సుల్తాన్‌పూర్ కూడా దాటకముందే మంచు. మామూలు మంచు కాదు, బానెట్ చివర కనపడట్లే. 120 పోనిచ్చే రోడ్డు మీద నాలుగు ఇండికేటర్లు వేసుకుని 30లో పాకుతూ పోయా, ముందు ఒక పాల వ్యాన్ ఎర్ర లైటు పట్టుకుని. లైటు ఆరలేదు సరికదా, ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఉప్మా చల్లారిపోయింది.

అప్పుడు చెప్పింది తనే, ఊరికే రింగు రోడ్డు చుట్టూ తిరగడానికి డీజిల్ తగలేసే బదులు సంక్రాంతి సెలవులకి మామయ్యని తీసుకుని ఎటైనా పోదాం అని. బాపుకి ఫోన్ చేస్తే ఆయన ఎప్పటి నుంచో అనుకుంటున్నట్టు జైనూర్ పోదాం అన్నాడు. జైనూర్ ఆసిఫాబాద్ జిల్లాలో, ఉట్నూర్ దాటినాక. అక్కడ ఆయనతో పాటు డ్యూటీ చేసిన కండక్టర్ కాక ఉంటడు, రిటైరయ్యాక పత్తి, కంది వేసుకుంటున్నడు. తెలంగాణలో చలి అంటే ఆ ఏరియానే, రోజూ పేపర్లో సిర్పూర్ యు, గిన్నెధరి పేర్లు వస్తాయి చూడండి, ఆ చుట్టుపక్కలే. చలి చూద్దువు గానీ రా అన్నాడు బాపు, హైదరాబాద్‌లో మీది చలి కాదు ఏసీ.

శుక్రవారం పొద్దున బయల్దేరాం, మా ఆవిడ, ఆరేళ్ల పాప, నేను. మేడ్చల్ దగ్గర ఓఆర్ఆర్ దిగి 44 నంబర్ హైవే ఎక్కాం. మనోహరాబాద్ టోల్ దాటాక నాలుగో గేర్‌లో పెట్టి 80 దగ్గర పట్టుకున్నా, ఇంజన్ ఆర్పీఎం ముల్లు రెండు వేల మీద. మా ఆవిడ, ఐదో గేర్ లేదా దీనికి, ఎందుకంత మోత అంటది. నా కళ్లు రోడ్డు మీద సగం, ఆ పసుపు డబ్బా మీద సగం. తూప్రాన్ పోయింది. ఒక రకమైన వేడి వాసన వచ్చింది, మీటర్‌లో మైలేజీ 9కి పడిపోయింది, అంటే లోపల కాలుతుందన్నమాట. రామాయంపేట ఇంకా రాలేదు, టప్ మని లైటు ఆరిపోయింది. నేను స్టీరింగ్ మీద ఒక్కటి చరిచి అరిచా, పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. తర్వాత మైలేజీ 21కి ఎక్కింది, బండి గొంతే మారిపోయింది.

కామారెడ్డిలో బాపుని ఎక్కించుకున్నాం, ఆయన రగ్గు, మఫ్లర్, టిఫిన్ డబ్బాలో సకినాలు, ఇంకా దేనికో తెలీదు ఒక టార్చిలైటు. బంకులో ట్యాంక్ ఫుల్ చేయించిండు. సగం ఖాళీగా ఉంటే చలికి లోపల నీళ్లు పడతయ్ అన్నాడు. ఆర్మూర్ దాటి, సోన్ దగ్గర గోదావరి దాటాం. నిర్మల్ తర్వాత కొత్త రోడ్డు వద్దు మహబూబ్ ఘాట్ మీదుగా పోదాం అని పట్టుబట్టిండు, ఆదిలాబాద్ బస్సు ఆ మలుపుల్లోనే ఏళ్ల తరబడి నడిపిండు మరి. ప్రతి మలుపుకీ ఒక కథ. ఇక్కడ బ్రేక్ ఫెయిలైంది, ఇక్కడ ఎలుగుబంటి అడ్డమొచ్చింది, ఇక్కడ ఒక పెళ్లి బృందం బస్సులోంచి దిగి నూకింది. నేను గేర్ మార్చినప్పుడల్లా ఆయన ఎడమ కాలు కింద క్లచ్ ఉన్నట్టే కదిలేది.

గుడిహత్నూర్ దగ్గర హైవే వదిలి కుడికి తిరిగాం. ఆ రోడ్డు వేరు. రెండు పక్కలా చేలు, పత్తి బండ్లు పోయిన దారంతా తుమ్మ కొమ్మలకి తెల్ల పత్తి పీచులు వేలాడుతుంటాయి, పాప అవి చూసి మంచు పడింది అంది. ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర బాపు రెండు నిమిషాలు బండి ఆపమన్నాడు. 1981 ఏప్రిల్ 20న గోండు ఆదివాసీల మీద పోలీసు కాల్పులు జరిగిన చోటు. ఏం మాట్లాడలేదు, దిగి నిలబడి వచ్చి కూర్చున్నాడు, ఉట్నూర్ దాకా కథలు లేవు.

సాయంత్రం ఐదింటికే కాక వాళ్ల వాకిట్లో మంట వేసి ఉంది. జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చిమిరప తొక్కు. మరుసటి రోజు మా బండి తియ్యనేలేదు, కాక కొడుకు వాళ్ల బొలెరోలో మార్లవాయి తీసుకెళ్లాడు. ఆస్ట్రియాకి చెందిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య 1940లలో గోండు ఆదివాసీల మధ్య ఉండి పనిచేసిన ఊరు అది, ఆ భార్య బెట్టీ గుర్తుగా అక్కడ సమాధి ఉంది. ఎక్కడి ఆస్ట్రియా ఎక్కడి మార్లవాయి. సాయంత్రం మేం తిరిగొచ్చి మంట దగ్గర కూర్చుంటే పిల్లలందరూ మా కార్లో దూరి పాటలు పెట్టుకున్నారు, తాళం ఇచ్చింది నేనే, పోనీలే ఆడుకోనీ అని.

ఆదివారం ఆరింటికి బయల్దేరాలి. ఫోన్‌లో 7 డిగ్రీలు చూపిస్తోంది. అద్దం మీద మంచు, సీటు మీద కూర్చుంటే బండ మీద కూర్చున్నట్టుంది. మాది బటన్ బండి కాదు, తాళం తిప్పేదే. తిప్పా. కుయ్... కుయ్... కుయ్. అంతే. మళ్లీ తిప్పా, ఒక దగ్గు, వెనక గుప్పెడు తెల్ల పొగ, ఆగిపోయింది. మూడోసారి టిక్కు టిక్కు.

నాకు గుండె జారింది. ఎందుకంటే అంతకు ముందు వారమే హిమాచల్‌లోని స్పితి వీడియోలు చూశా, డీజిల్ గడ్డకట్టి లారీ ట్యాంకుల కింద మంటలు పెట్టుకోవడం. బాపూ డీజిల్ గడ్డకట్టింది అన్నా. ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి వేప పుల్ల నోట్లోంచి తీసి నవ్విండు. ఏడు డిగ్రీలకే గడ్డకడితే నేను ఆదిలాబాద్ ఫస్ట్ బస్సు ఎట్ల తీసినట్టు రా, అది గడ్డకట్టలే, నువ్వే గడ్డకట్టినవ్.

దొంగ ఎవరంటే బ్యాటరీ. నేను బిగించిన డాష్‌క్యామ్‌కి యాక్సెసరీస్ షాపువాడు డైరెక్ట్ లైన్ ఇచ్చిండు, బండి ఆగినా అది శుక్రవారం సాయంత్రం నుంచి వాకిట్లో కోళ్లని రికార్డ్ చేస్తూ కూర్చుంది. పిల్లల పాటలు రెండు గంటలు. డిక్కీ సరిగ్గా పడలేదు, లోపల లైటు రాత్రంతా. చలికి బ్యాటరీ బలం ఎట్లాగూ తగ్గుతది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం కష్టమవుతది, డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి గాలిని గట్టిగా నొక్కి ఆ వేడితోనే అంటుకోవాలి, మెల్లగా తిరిగితే ఆ వేడి పుట్టదు. అందుకే లోపల ముందే వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు పెడతారు. నేను ఆ ప్లగ్గులకి టైమే ఇవ్వలేదు.

కాక ట్రాక్టర్ తెచ్చి పక్కన పెట్టిండు, అది ఒక్క సెల్ఫ్‌కి లేచింది. కేబుళ్లు తగిలించి ఐదు నిమిషాలు ఆగినం. ప్లస్‌కి ప్లస్, చివరి నల్ల క్లిప్పు మాత్రం మా బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకి పెట్టమన్నాడు బాపు, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రావొద్దని. తర్వాత పక్క సీట్లో కూర్చుని, తాళం ఒక్క మెట్టే తిప్పు అన్నాడు. నారింజ రంగులో స్ప్రింగులాంటి లైటు వెలిగింది, ఆ ప్లగ్గులు వేడెక్కుతున్నయ్ అని చెప్పే లైటు. పాప దాన్ని జిలేబీ అంటది. హైదరాబాద్‌లో అది వెలిగిందా అని చూసేలోపే ఆరేది, నాకు దాని సంగతే పట్టలేదు. ఇక్కడ వెలిగి అట్లనే ఉంది.

"ఆగు. జిలేబీ ఆరేదాకా ఆగు రా."

"ఆరింది బాపూ."

"తాళం వెనక్కి తీయ్. మళ్ల తిప్పు. ఇంకోసారి ఆరనీ. ఇప్పుడు క్లచ్ తొక్కి కొట్టు. ఎక్సిలేటర్ మీద కాలు పెట్టకు, గుడిలకు పోయినట్టు మెల్లగ."

లేచింది. వెనక వాకిలంతా తెల్ల పొగ, కోళ్లు పరుగో పరుగు. తెల్లది కాలని డీజిల్, అదే పోతది అన్నాడు, నల్లదైతే గాలి సరిపోతలేదన్నట్టు, నీలమైతే ఆయిల్ తాగుతుందన్నట్టు. నిజంగానే నిమిషంలో పోయింది. నేను అలవాటుగా రేజ్ చేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చిండు, టర్బోకి ఆయిల్ చేరనీయ్ అని. ఆయన నడిపిన బస్సుల్లో టర్బో ఉందో లేదో గానీ ఇది మాత్రం తెలుసు.

ఇంకో సంగతి, డీజిల్ బండిలో వేడి గాలి తొందరగా రాదు. ఇంజన్‌లో వృథాగా పోయే వేడి పెట్రోల్ కన్నా తక్కువ, అందుకే మైలేజీ, అందుకే చలి. ఉట్నూర్ వచ్చేదాకా మా ఆవిడ బాపు రగ్గు కప్పుకునే కూర్చుంది.

గడ్డకట్టే సంగతి మాత్రం నన్ను వదల్లేదు, ఇంటికొచ్చాక వెతికా. డీజిల్‌లో మైనం ఉంటది, కొబ్బరి నూనె సీసా చలికాలం తెల్లగా పేరుకున్నట్టే అదీ పేరుకుని ఇంజన్‌కి డీజిల్ పోయే దారిలో ఉండే ఫిల్టర్‌కి అడ్డం పడతది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన డీజిల్ స్టాండర్డ్ ఐఎస్ 1460 ప్రకారం ఆ ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత చలికాలం డీజిల్‌కి 6 డిగ్రీలు మించొద్దు, ఎండాకాలం డీజిల్‌కి 18 మించొద్దు. అంటే ఏ మేలోనో పోయించిన డీజిల్ ట్యాంకులో పెట్టుకుని జనవరిలో జైనూర్ పోతే నా భయంలో కొంచెం నిజం ఉన్నట్టే, బాపుకి చెప్పలేదు. లద్దాఖ్ లాంటి చోట్లకైతే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీలకి కూడా పారే డీజిల్ తెచ్చింది. మనకి అంత అక్కర్లేదు, మనకి డాష్‌క్యామ్ వైరు పీకేస్తే చాలు. పీకేశా.

సోమవారం నుంచి మళ్లీ మామూలే, జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ. పొద్దున పాపని స్కూల్లో దింపేటప్పుడు తనే వెనక నుంచి ముందుకు వంగి చూసి, జిలేబీ పోయింది నాన్నా ఇప్పుడు తిప్పు అంటది, ఒక్క సెకన్‌లో పోయేదానికి కూడా. మొన్న రాత్రి ఆఫీస్ నుంచి వస్తూ మా గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ వేడి వాసన, నిలబడితే ముల్లు వెయ్యి మీద ఉంది, మైలేజీ పడిపోయింది, ఫ్యాన్ గుయ్యిమంటోంది. వాచ్‌మన్ గేటు తీశాడు. నేను చెయ్యి ఊపి ముందుకెళ్లిపోయా. బాచుపల్లి దాటి మల్లంపేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాక ఫోన్ మోగింది.

"బాల్కనీలోంచి చూశా, ఇంటిదాకా వచ్చి ఎక్కడికి పోయావు?"

"మసి కాలుస్తున్నా. ఇరవై నిమిషాలు."

"వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా," అని పెట్టేసింది.