మాథ్యూ స్మిత్ ఎక్కడికీ మాయమైపోలేదు

ఎనభైల్లో కంప్యూటర్ గేములు రాసిన బ్రిటిష్ కుర్రాడు మాథ్యూ స్మిత్ గురించి ఎక్కడ చదివినా కథ ఒకటే. పదిహేడేళ్లకే పెద్ద పేరు, రెండు హిట్ గేములు, చేతినిండా డబ్బు, ఆ తర్వాత మనిషి ఆచూకీ లేదు, పాపం. నాకు ఆ పాపం అన్న మాట దగ్గరే చిరాకు. అలా అనేవాళ్లలో సగం మంది ఆయన చేసిన పనిని తొంగి కూడా చూడరు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1966లో పుట్టాడు, లివర్‌పూల్‌కి నది అవతలున్న వాలసీలో పెరిగాడు, చిన్నప్పుడే ఇంట్లో కొనిచ్చిన టీఆర్‌ఎస్-80 మీద (పార్టీ కాదు, కంప్యూటర్) ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. బగ్-బైట్ అనే లివర్‌పూల్ కంపెనీ మూడు గేములు రాసివ్వాలని ఒప్పందం చేసుకుని చేతికి ఒక జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ (టీవీకి తగిలించుకునే చిన్న హోమ్ కంప్యూటర్) ఇచ్చింది. 1983లో వచ్చిన మానిక్ మైనర్ అలా పుట్టిందే. విల్లీ అనే గని కార్మికుడు, 20 గుహలు, ప్రతి గుహలో తాళంచెవులన్నీ ఏరుకుని గాలి అయిపోయేలోపు బయటపడాలి. బొమ్మలు, మ్యాపులు, కోడ్ అన్నీ ఆ ఒక్క కుర్రాడివే, అదీ కొన్ని వారాల్లో.

మేముండేది బల్లార్షాలో, బొగ్గుబాయి క్వార్టర్లలో. బాపు అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్, అంటే కింద పనిచోట భద్రత చూసేవాడు. మా లైన్‌లోనే ఉండే ఒక అన్న పుణెలో ఉద్యోగం చేస్తూ దీపావళికి వచ్చినప్పుడు డీబీ స్పెక్ట్రమ్ పట్టుకొచ్చాడు. పుణెలోని డెసిబెల్స్ కంపెనీ లైసెన్సు తీసుకుని 1986 నుంచి మన దేశంలో అమ్మిన స్పెక్ట్రమ్ అది. గేము మాత్రం ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న క్యాసెట్. టేప్‌రికార్డర్‌కి వైరు తగిలించి, ప్లే నొక్కి, ఐదు నిమిషాలు ఆ కీచుమనే గోల వింటూ కూర్చోవాలి. వాల్యూమ్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా చివర్లో 'టేప్ లోడింగ్ ఎర్రర్' అని వచ్చేది, మళ్లీ రివైండ్. అన్న రికార్డర్ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ తిప్పుతూ, చెవి స్పీకర్‌కి ఆనించి, గోల ఎక్కడ పదునుగా వినిపిస్తుందో అక్కడ ఆపేవాడు. లోడ్ అవుతున్నంతసేపు టీవీ అంచుల్లో చారలు పరుగెత్తేవి. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ, ఆ చారలకి రంగులున్నాయని నాకు చాలా ఏళ్ల తర్వాత ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్) చూస్తే గానీ తెలియలేదు.

బాపు సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి ఓసారి చూశాడు. కింద గాలి మీటరు తగ్గిపోతుంటే, "గాలి అయిపోతదని ముందే ఎరుకున్నోడు లోపలికెందుకు దిగిండ్రా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక అసలు సంగతి. స్పెక్ట్రమ్‌లో ప్రోగ్రామర్ చేతికొచ్చేది 48 కిలోబైట్లు, అంటే 49,152 బైట్లు. అందులో 6,912 తెరకే పోతాయి. మిగిలిన దాంట్లోనే కోడ్, బొమ్మలు, గుహలు, పాట, అన్నీ. మానిక్ మైనర్‌లో ఒక్కో గుహకి 1024 బైట్లు. గుహ కనిపించే భాగం 32 నిలువు వరుసలు, 16 అడ్డ వరుసలు, మొత్తం 512 గళ్లు. గడికొక బైటు చొప్పున సగం అక్కడే అయిపోతుంది. మిగతా సగంలో గుహ పేరు, గోడల బొమ్మలు, శత్రువులు, గాలి ఎంతుండాలో చెప్పే అంకె. 20 గుహలకి 20,480 బైట్లు. బాగానే సరిపోయింది.

తర్వాతి గేము జెట్ సెట్ విల్లీ, 1984. ఈసారి గుహలు కాదు, 60కి పైగా గదులున్న బంగళా. పాత లెక్కనే వేస్తే 60 గదులకే 61,440 బైట్లు కావాలి, మెషీన్ మొత్తం మెమరీయే అంత లేదు! ఆయనేం చేశాడంటే, గడిలో ఉండగలిగేవి నాలుగే రకాలు అనుకున్నాడు: ఖాళీ, నేల, గోడ, తగిలితే చచ్చేది. నాలుగు రకాలకి రెండు బిట్లు చాలు, బైటుకి ఎనిమిది బిట్లు, అంటే ఒక బైటులో నాలుగు గళ్లు. 512 బైట్లు కాస్తా 128 అయ్యాయి. శత్రువులందరినీ ఒకే ఉమ్మడి పట్టికలో పెట్టి, గదిలో మాత్రం వాళ్ల నంబరు, నిలబడే చోటు రాశాడు. ఒక గది 256 బైట్లకి దిగింది, ముందటి దాంట్లో నాలుగో వంతు. ఈ పని చేసేనాటికి ఆయనకి పదిహేడు, పద్దెనిమిది ఏళ్లు. ఇది చదివిన రోజు పక్కనున్నవాళ్లందరికీ చెప్పాను, ఒక్కరూ పట్టించుకోలేదు, అది వేరే విషయం.

అందులో ఒక ఘోరమైన బగ్గు కూడా ఉంది. అటక గదిలోకి వెళ్తే, అక్కడ ఎగిరే బాణం ఒకటి తెర మెమరీ హద్దు దాటి దూసుకెళ్లి గేము డేటాని పాడుచేసేది. తర్వాత కొన్ని గదుల్లోకి అడుగు పెడితే చావే, గేము పూర్తి చేయడం అసాధ్యం. స్మిత్ భాగస్వామిగా మొదలైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ కంపెనీ మొదట ఏమందో తెలుసా? అది బగ్గు కాదు, ఆ గదుల్లో విషవాయువు ఉందట! తర్వాత నాలుక కరుచుకుని దిద్దుబాట్లు విడుదల చేశారనుకోండి. బాపుకి చెప్తే పడీ పడీ నవ్వాడు. "గ్యాసుంటే దీపం చెప్తది గదా" అన్నాడు. సేఫ్టీ ల్యాంప్ మంట మీద నీలి మొన లేస్తే మీథేన్ ఉన్నట్టు, మంట కుంగిపోతే ఊపిరాడని గాలి ఉన్నట్టు, సర్దార్ రోజూ చేసే పని అది. విల్లీ చేతిలో దీపం లేదు మరి.

ఇక అందరూ పాపం అనే భాగం. స్మిత్ చేతి నుంచి మూడో విల్లీ గేము రాలేదు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ 1988లో మూతపడింది. స్మిత్ కొన్నాళ్లు నెదర్లాండ్స్‌లో ఒక కమ్యూన్‌లో ఉండి 1997లో తిరిగొచ్చాడు. ఇంతే. ఇందులో మాయమవడం ఏముంది, మనిషి బతికున్నాడు, అడిగినవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. మాయమైంది ఆయన పని. 1985లో అమీగా, అటారీ ఎస్‌టీ వచ్చాయి, మెమరీ పెరిగింది, బొమ్మలకొకరు, సంగీతానికొకరు, కోడ్‌కి ఇద్దరు ముగ్గురు అయ్యారు. ఒక్కడే ఒక గదిలో కూర్చుని అంతా రాసే ఉద్యోగం పెద్ద కంపెనీల్లో ఐదారేళ్లలోనే పల్చబడిపోయింది. మా దగ్గరా ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) వచ్చి షావెళ్లు, డంపర్లు దిగాక దీపం చదవడం తెలిసిన సర్దార్‌కి పని తగ్గింది. దానికి బాపుని ఫెయిలయ్యాడని ఎవరూ అనలేదు. పైగా పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద, ముందు దానికంటే పెద్దది ఎప్పుడిస్తావని పత్రికలు, కంపెనీ, ఆడేవాళ్లు అందరూ ఎగబడితే ఆ టెన్షన్ మామూలుగా ఉంటుందా.

ఆడాలనుకునేవాళ్లు మానిక్ మైనర్‌తోనే మొదలుపెట్టండి, ఫోన్‌లో ఎమ్యులేటర్ చాలు, కానీ టచ్ బటన్లతో ఆ దూకుళ్లు కుదరవు, ఒక చవక కీబోర్డు తగిలించుకోండి. జెట్ సెట్ విల్లీ అయితే బగ్గు దిద్దిన కాపీయే వెతుక్కోండి, లేకపోతే అటక జోలికి పోకండి.